తప్పు చూపే ముల్లు

ముల్లుకి పసుపు రంగు రెండోసారి పూసి, ఆరిందో లేదో చూడటానికి చిటికెనవేలి గోరు దాని అంచుకి ఆనించింది ముల్లమ్మ. ఇంకా ఆరలేదు. పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఊదింది. బల్లకి బిగించిన సైకిల్ హ్యాండిల్ ముక్క మీద, కుడి పిడి పక్కన, చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద కిటికీ ఒకటి ఉంది. కిటికీలో అంకెలు, అంకెల మీద ముల్లు. గేరు మీట నొక్కితే తీగ లాగుతుంది, తీగతోపాటు ముల్లు కదులుతుంది. ఏ గేరులో ఉన్నాడో తొక్కేవాడికి ఎదురుగా కనిపించాలి. ఆమెకి అప్పగించిన పని అదే.

సన్నటి, పొట్టి మనిషి. కూర్చుంటే పాదాలు నేలకందవు, బల్ల కింద చెక్కపీట వేసుకుంటుంది. వంగి గీసీ గీసీ కుడి భుజం ఎడమదాని కంటే కిందికి జారింది. కళ్లద్దాలు కళ్ల మీద కంటే జుట్టులోనే ఎక్కువసేపు ఉంటాయి. ఈ సైకిళ్ల కంపెనీకి రాకముందు తూకం యంత్రాలకి, ఆవిరి గొట్టాల మీటర్లకి ముళ్లు గీసింది. ముల్లు గీస్తుంది కాబట్టి ఆ పేరొచ్చిందో, మాటతో గుచ్చుతుంది కాబట్టి వచ్చిందో తెలియదు. పెట్టినవాళ్లు మాత్రం రెండు విధాలా సరిపోయిందని నవ్వుకునేవాళ్లు.

ఈ కిటికీ ఆమెని నిద్రపోనివ్వలేదు. మొదట చేసిన నమూనాలో మీట నొక్కే బొటనవేలే అంకెల్ని కప్పేసింది. దాన్ని లోపలికి జరిపితే ఎండ పడి గాజు తళతళలాడింది, అంకె కనబడలేదు. తొక్కేవాడి వైపు గాజుని కాస్త వాల్చి, ముల్లుకి పసుపు రంగు వేస్తే, ఇప్పటికి దారికొచ్చింది.

రంగు ఆరాక నమూనాని పరీక్షల సైకిల్‌కి బిగించి, పెరట్లోకి నడిపించుకుంటూ వెళ్లింది. స్టోరు కిటికీ దగ్గర కూర్చున్న భర్త ఆమెని చూడగానే లేచాడు. అదే కంపెనీలో స్టోరు చూసుకుంటాడాయన. సామాన్లు ఎక్కించే ఏటవాలు గట్టు మీదకి తొక్కాడు, మళ్లీ దిగాడు. పెట్టెల వరస చుట్టూ ఒక చుట్టు చుట్టి వచ్చాడు. ఆమె ఎండలో కళ్లు చికిలించుకుని చూస్తూ నిలబడింది.

"కిందికి చూశారా?"

"చూళ్లేదు. నా చూపు దారి మీదే ఉంది. ముల్లే వచ్చి కంట్లో పడింది."

"ముల్లు కంట్లో పడితే కళ్ల డాక్టరు దగ్గరికి పోవాలి, నా దగ్గరికి కాదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. సైకిల్ దిగేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి పైకి లేవలేదు. అది ఎప్పుడూ లేవదు. పెళ్లయిన కొత్తలో ఒక వాలు మీద పెడలు ఉన్నట్టుండి బరువెక్కితే, చైను ఏ పళ్లచక్రం మీద ఉందో చూద్దామని తల వెనక్కి తిప్పాడు. ముందు ఆగి ఉన్న బండి కనబడలేదు. భుజం ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. అప్పటి నుంచి చొక్కా వేసుకునేటప్పుడు ఎడమ చెయ్యి ఆమే తొడుగుతుంది. ఆ రోజు వెనకాల ఇంకో సైకిల్ మీద వస్తూ, ఆయన్ని రోడ్డు మీద నుంచి లేపి కూర్చోబెట్టినవాడు ఆయన తమ్ముడు. ఆ తమ్ముడే ఇప్పుడు కంపెనీలో మేనేజరు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మరిది గది నుంచి కబురొచ్చింది. లోపల టోకు వ్యాపారి కూర్చుని ఉన్నాడు. ఊళ్లోని దుకాణాలన్నిటికీ సైకిళ్లు సరఫరా చేసేది ఆయనే. నమూనా పట్టుకుని మీట అటూ ఇటూ నొక్కుతూ, ముల్లు కదిలినప్పుడల్లా చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు.

"బావుందమ్మా, చక్కగా కనబడుతోంది. ఈ పక్కన ఈ స్క్రూ ఎందుకు?"

ఆమె నోరు తెరిచేలోపే మరిది అందుకున్నాడు. "అది తీసేస్తున్నామండీ. మీరు చెప్పిన ధరకి రావాలంటే తప్పదు."

ఆ మాట ఆమె వినడం అదే మొదలు.

"తీసేస్తే ఎలాగండీ?" అంది. బయటివాళ్ల ముందు మరిదిని మీరు అనడం ఆమెకి అలవాటు. "తీగ కొత్తలో బిగువుగా ఉంటుంది. తొక్కేకొద్దీ సాగుతుంది. సాగిందంటే ముల్లు వెనకబడుతుంది. ఈ స్క్రూ కాస్త తిప్పుకుంటే మళ్లీ అంకె మీదకొస్తుంది. ఇది లేకపోతే గేరు ఒకటి, ముల్లు చూపించేది ఇంకొకటి."

"ఎన్నాళ్లకి?" అన్నాడు వ్యాపారి.

"ఒక వానాకాలం గడిస్తే చాలు."

"అప్పటికి బళ్లన్నీ అమ్మేసి ఉంటాంగా."

చెప్పి నవ్వాడు. ఆ నవ్వు ఆమెని అంతగా బాధపెట్టలేదు. పక్కనే మరిది కూడా నవ్వాడు. అప్పుడు ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. తెలియక చేస్తే చెప్పొచ్చు. ఇక్కడ ఎవరికీ తెలియనిది లేదు.

"ముల్లు లేకపోతే తొక్కేవాడు భయంగా తొక్కుతాడు," అంది. "తప్పు చూపే ముల్లుంటే నమ్మి తొక్కుతాడు. అసలు చూపించకపోయినా నష్టం లేదు. ఈ కిటికీ మొత్తం పీకేయండి. ధర ఇంకా తగ్గుతుంది."

"కిటికీ చూసే కదమ్మా కొనేది," అన్నాడు వ్యాపారి, నచ్చజెబుతున్నట్టు.

మరిది స్క్రూడ్రైవరు ఆమె వైపు జరిపాడు. "మేడమ్, తీసి చూపించండి. ఆ చోట మూత ఎలా వస్తుందో ఆయన చూస్తారు."

"నాకు చేతకాదు."

"మీకు చేతకాకపోవడమేంటి?"

"బిగించడం వచ్చు. తీయడం చేతకాదు. నీకు చేతనైతే నువ్వే తియ్యి."

నువ్వు అన్న మాట గదిలో గట్టిగానే వినబడింది. వ్యాపారి ఇద్దరి మొహాలూ చూసి కుర్చీలో వెనక్కి జరిగాడు. మరిది స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. చదువయ్యాక ఇక్కడ చేరిన కొత్తలో ఆమె నేర్పినట్టే, చూపుడువేలు కడ్డీ మీద ఆనించి, తడబాటు లేకుండా తిప్పాడు. స్క్రూ ఊడి వచ్చింది.

"మీ అన్నయ్య భుజం రోజూ చూస్తూనే ఉన్నావు," అంది.

అతను తల ఎత్తలేదు. "చూస్తున్నా వదినా. ఈ ఆర్డరు పోతే అన్నయ్య కూర్చునే స్టోరే ఉండదు. అది నువ్వు చూడట్లేదు."

అందులో నిజం లేకపోలేదు. ఆమెకి ఒళ్లు మండింది అందుకే. ఏ అబద్ధమైనా సరే, దాని ముందు ఎవరో ఒకరి అన్నం గిన్నె తెచ్చి పెడతారు. ఇక నోరెత్తితే ఆ గిన్నె తన్నినవాళ్లం మనమే అవుతాం. ఎవరో ఒక తెలియనివాడు, ఎక్కడో ఒక వాలు మీద, ముల్లు మాట నమ్మి పెడలు మీద బలమంతా పెడతాడు. అతని పేరు ఈ గదిలో ఎవరికీ తెలియదు. అంచేత అతని అన్నం గురించి ఎవరూ అడగరు.

ఆమె తలుపు చప్పుడు కాకుండా వేసి బయటికొచ్చింది. బల్ల దగ్గరికి వెళ్లి దీపం ఆర్పింది. సొంతంగా తెచ్చుకున్న సన్నటి కుంచె, భూతద్దం చేతిరుమాల్లో చుట్టుకుంది. పక్క బల్లలవాళ్లకి అప్పటికే సంగతి తెలిసిపోయినట్టుంది. ఒక్క తలా పైకి లేవలేదు.

స్టోరు కిటికీ దగ్గర ఆగి జరిగింది చెప్పింది. ఆయన విన్నాడు. చేతిలో ఉన్న పెట్టెని దాని అరలో పెట్టాడు.

"వాడే తీశాడా?"

"వాడే."

"నేనూ వచ్చేయనా?"

"వద్దు, మీరుండండి. ఇద్దరం మానేస్తే పొయ్యి వెలగదు."

అది అనడానికి ఆమెకి సిగ్గేసింది, ఆ సిగ్గు మీద మళ్లీ కోపమొచ్చింది. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఆయన ఎడమ భుజం మీద నలిగిన చొక్కా సరిచేసింది. తర్వాత నడుచుకుంటూ గేటు దాటింది. కాపలా మనిషి ఏదో పని మీద వెళుతోందనుకుని, అలవాటుగా తల ఊపాడు.

నెలాఖరుకి ఆ బల్ల దగ్గర వేరేవాళ్లు కూర్చున్నారు. స్క్రూ ఉండాల్సిన చోట నల్లటి మూతతో సైకిళ్లు సిద్ధమయ్యాయి. పెరట్లో గట్టు మీదుగా ఒక్కొక్కటీ లారీ ఎక్కుతుంటే స్టోరులో ఆయన లెక్క రాసుకుంటూ, ఏ ఒక్కదాన్నీ ఎక్కి చూడలేదు.

కొత్తగా వచ్చినవాళ్లు పొడగరులు కావడంతో బల్ల కింద ఉన్న పాత చెక్కపీట అడ్డమైంది. దాన్ని గోడ వైపు తోసేశారు. పీట మీద రంగు అంతటా అలాగే ఉంది, పక్కపక్కనే పాదాలంత మేర రెండు చోట్ల మాత్రం చెక్క తేలి, నున్నగా, కాస్త గుంటపడి ఉంది.