ఎండ ఉండగానే రుబ్బాలట

కోటేశ్వరి గ్రైండరు స్విచ్చి నొక్కడం, కూతురు శ్రీరమ్య వచ్చి తీసెయ్యడం అప్పటికి రెండోసారి.

"చీకటిపడ్డాక వెయ్యొద్దని చెప్పాగా అమ్మా. బ్యాటరీ ఏసీకి చాలదు."

"అయితే రేపొద్దున ఏసీనే తినండి. ఇడ్లీలు అడక్కండి."

శ్రీరమ్య గుంటూరులో ఆర్కిటెక్చరు చదువుతోంది. నాలుగు బ్రాంచీల పిల్లలు కలిసి, ఎండతోనే నడిచే ఇల్లొకటి పోటీకి డిజైను చేస్తున్నారు. ముందు ఈ ఇంట్లో నెల్లాళ్ళు నడిపి చూస్తామని మేడమీద సోలార్ పలకలు బిగించారు. ఆ రోజు కోటేశ్వరే అందరికీ పులిహోర కలిపి పెట్టింది. నిన్ననేమో గ్రైండరూ, వాషింగ్ మెషీనూ, నీళ్ళ మోటారూ మధ్యాహ్నం ఎండలోనే వెయ్యాలనీ, రాత్రి బ్యాటరీ ఏసీకీ టీవీకీ అనీ తేల్చి చెప్పి వెళ్ళారు.

భర్త అంకమ్మరావు కూతురి పక్షం. మధ్యాహ్నం భోంచేసి నాలుగింటిదాకా పడుకునే ఆ మనిషికి రాత్రి ఏసీ లేకపోతే నిద్రపట్టదట. అత్తగారు హనుమాయమ్మ, చదువుకున్న పిల్లలు చెబితే వినొచ్చు కదా అంది.

మిరపకాయల కాలం. పొద్దున కల్లానికి వెళితే కోటేశ్వరి ఇల్లు చేరేసరికి దీపాల వేళవుతుంది. తాలుకాయలు ఏరిన వేళ్ళు, ఇందాక పప్పు కడుగుతుంటే నిప్పులు తగిలినట్టు మండాయి.

"పగలు నేనెక్కడుంటానో చెప్పలేదా వాళ్ళకి?"

శ్రీరమ్య నసిగింది. ఆ పిల్లల్లో కరెంటు లెక్క చూసే అనీసా, ఆంటీ పగలు ఇంట్లో ఉంటారా అని అడిగిందట. అమ్మకి పగలు ఖాళీయేనని తనే చెప్పిందట.

కోటేశ్వరికి ఒళ్ళు భగ్గుమంది. అనీసాకంటే తెలియదు. ప్రతి సెలవుకీ కల్లంలో తన పక్కన కూర్చుని కాయలు ఏరిన పిల్లకి తెలియదా? నోటిదాకా వచ్చిన మాట మింగి, పప్పు మళ్ళీ గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టింది. తలుపు చప్పుడు మాత్రం గట్టిగానే అయింది.

భోజనాల దగ్గర పెరుగు వడ్డిస్తూ, ఉప్పు కావాలా అని అడిగినంత నెమ్మదిగా చెప్పింది.

"మీ లెక్కేమీ మార్చొద్దు రమ్యా. ఎండ ఉండగానే రుబ్బాలి, సరే. ఆ వేళకి ఇంట్లో ఉండేది మీ నాన్న. రేపట్నుంచి పిండీ, బట్టలూ, మోటారూ ఆయనే చూసుకుంటారు. అనీసాకి అదే చెప్పు."