బుధవారం నిమ్మకాయలు

కాలర్ పట్టుకున్నది ఎవరో మహేష్‌కు కనపడలేదు. వెనక నుంచి ఒక్క గుంజు గుంజితే వీపు వెళ్లి తన ఆటోకే తగిలింది.

"వీడే! ఎల్లేష్‌ను గుద్దింది వీడే!"

రాందాస్ చౌరస్తా ఆటో స్టాండ్ మొత్తం అతని చుట్టూ చేరింది. ఆ పొద్దున హవేలిఘనపూర్ రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ వస్తున్న ఎల్లేష్‌ను ఏదో బండి వెనక నుంచి గుద్ది, ఆగకుండా వెళ్లిపోయింది. కాలు విరిగి, తల పగిలి అతను దవాఖానాలో ఉన్నాడు. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి, "వెనకకెళ్లి వచ్చింది, చూడలే" అని మళ్లీ మూశాడట.

"అమ్మతోడు, నేను గుద్దలే!"

"మరి ఇదేంది?" ఆటో ఎడమ వైపు పగిలిన ఇండికేటర్‌ను భూమయ్య కాలితో తన్ని చూపించాడు. అతనూ ఆటోవాడే. నిన్నటిదాకా మహేష్‌తో ఒకే కప్పులో చాయ్ పంచుకున్నవాడు.

"అది బర్రె కొమ్ము తాకి పగిలింది. రామాయంపేట పోతుంటే. నీకు ఎర్కనే గదనే!"

"బర్రెను తోల్కరా సాక్ష్యానికి."

అందరూ నవ్వారు. తిట్ల కంటే ఆ నవ్వే మహేష్‌ను ఎక్కువ భయపెట్టింది.

ఒక మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. జనం పక్కకు జరిగారు. దిగింది ఇంద్రకరణ్. టాక్సీ యూనియన్ ప్రెసిడెంట్, స్టాండ్‌లో సగం కార్ల ఓనర్. తెల్లని పెద్ద కారు దిగకుండా కిటికీలోంచే పనులు చక్కబెట్టే మనిషి.

"చేతులు తియ్యుండ్రి. కొట్టుడు మన పని కాదు," అన్నాడు. "ఎస్ఐ సార్‌కు ఫోన్ చేసిన. వస్తుండు." తర్వాత మహేష్ భుజం మీద చేయి వేసి మెల్లగా అడిగాడు. "నిన్న ఈడనే నిలబడి ఏమన్నవ్ రా? మేమందరం విన్నం."

అవును, అన్నాడు. చాయ్ తాగుతూ, ఎల్లేష్ గురించే అన్నాడు. "వాడు ఒకనాడు నా టైరు కిందికి వస్తడు, చూడుండ్రి."

కానీ సైకిలోళ్ల మీద స్టాండ్‌లో రోజూ నడిచే ముచ్చటే అది. "టాక్స్ కట్టడు, డీజిల్ కొట్టియ్యడు. రోడ్డు మాత్రం వాని అయ్య వేయించినట్టు నడిమిట్ల పోతడు" అని భూమయ్య మొదలుపెట్టాడు. "హారన్ కొడితే వెనక్కి సుత చూడడు" అని ఇంకొకడు అందుకున్నాడు. "ఒక్కసారి జర తాకిస్తే చాలు, పక్కకు జరుగుడు వాడే నేర్చుకుంటడు" అన్నది ఇంద్రకరణే. అందరూ నవ్వారు. మహేష్ ఒక్కడే నవ్వలేదు. అందుకే అతని మాట ఒక్కటే అందరికీ గుర్తుండిపోయింది.

మహేష్ కోపం టాక్స్ గురించి కాదు. అతని భార్య భాగ్య గురించి.

ఎల్లేష్ ప్రైవేటు బడిలో ఆటలు నేర్పే సారు. పొద్దున్నే కాలేజీ గ్రౌండ్‌లో ఆడవాళ్లకు సైకిల్ నేర్పుతాడు. భాగ్య అందులో చేరినప్పటి నుంచి ఇంట్లో ఒకటే మాట. ఎల్లేషన్న గిట్ల బ్రేక్ పట్టుమన్నడు. ఎల్లేషన్న గట్ల వంగమన్నడు. ఒకప్పుడు ఆటోలో ముందు సీటు అంచున కూర్చుని నవ్వుతూ ఊరంతా తిరిగిన మనిషి, ఇప్పుడు "ఆటోల కూసుంటే నడుము నొస్తది" అంటోంది. సాయంత్రం సైకిల్ గొలుసుకు ఆమె నూనె రాస్తుంటే మహేష్ గడపలో కూర్చుని ఆ వేళ్లనే చూసేవాడు. ఒక ఇనుప గొలుసు మీద కుళ్లుకుంటున్నానని తెలిసి ఇంకా మండేది.

పోలీసు జీపు వచ్చింది. ఎస్ఐ గాబ్రియేలు దిగి, పగిలిన ఇండికేటర్ చూసి, మహేష్‌ను చూశాడు.

"పొద్దున యాడున్నవ్?"

మహేష్ నలిగిన కాలర్ సరిచేసుకున్నాడు.

"చెప్తవా, స్టేషన్‌కు పోయి మాట్లాడుకుందమా?"

"ఉన్న సారూ... ఊరికే తిరుగుతున్న."

"ఖాళీ ఆటో వేసుకొనా?" ఇంద్రకరణ్ నిట్టూర్చాడు. "సారూ, వాని మొఖమే చెప్తుంది."

కానిస్టేబుల్ మహేష్ చేయి పట్టుకున్నాడు. అప్పుడే సైకిల్ బెల్లు మోగింది. భాగ్య. దవాఖానా నుంచి నేరుగా వచ్చింది. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకొని ఉంది. సైకిల్ వెనక ఎర్రటి అద్దం బిళ్ల మెరిసింది. వెనకొచ్చే బండ్లవాళ్లకు కనపడాలని ఎల్లేష్ తన సైకిల్‌కు పెట్టుకున్నట్టే అందరికీ ఒక్కొక్కటి బిగించి ఇచ్చాడు. ఆ బిళ్లను చూస్తే కూడా మహేష్‌కు ఒళ్లు మండేది.

"నువ్వేనా?" అంది భాగ్య. "నిజం చెప్పు. నువ్వు గుద్దినవా?"

జైలుకు పోవచ్చు. కానీ ఆ కళ్లలో గుద్దినవాడిగా ఉండిపోలేడు.

"గ్రౌండ్ గోడ అవతల ఉన్న," అన్నాడు తల వంచుకొని. "ఇటుకల కుప్ప ఎక్కి నిన్నే చూస్తున్న. ఆయన నీతోని ఎట్ల మాట్లాడుతడో చూద్దామని."



"ఆయన రాలే. మీరు మస్తుసేపు ఎదురుచూసిండ్రు. నీ చెప్పు తెగింది. ఒంటి చెప్పుతోనే గ్రౌండ్ చుట్టూ తొక్కినవ్. మీతోటి నేర్చుకునే యేసమ్మత్త నవ్వి నవ్వి కింద కూసుంది. ఆయన రాలేదని నాకు... నాకు మస్తు ఖుషీ అయింది."

భాగ్య ముఖం ముందు తేలికపడింది, తర్వాత ఎర్రబడింది. "సారూ, చెప్పు తెగింది నిజమే," అంది ఎస్ఐతో. "ఈయన గాడ లేకపోతే ఎర్కయ్యేది కాదు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "దొంగలెక్క గోడ మీదికెళ్లి చూస్తవా? ఇంటికి రా, నీ సంగతి చెప్త."

గాబ్రియేలు గడ్డం గోక్కున్నాడు. కానిస్టేబుల్ పట్టు కొంచెం వదులైంది.

"సారూ, ఇంట్ల పెండ్లామే చెప్పి ఉంటది," ఇంద్రకరణ్ ముందుకొచ్చాడు. "పొద్దుగాల్నే పరాయి మొగోని దగ్గర సైకిల్ నేర్చుకునేటి ఆడిది. ఆమె మాట ఏం నమ్ముతం?"

భాగ్య సైకిల్‌కు స్టాండ్ వేసింది.

"మాటలు మంచిగ రానియ్ పటేలా! మీ పెండ్లాం సువర్ణక్క సుత మా తోటే నేర్చుకుంటుంది. మీ భయానికి సైకిల్ యేసమ్మత్త ఇంట్ల దాచిపెట్టుకుంటది. మేం ఆటపట్టిచ్చినా మీ పేరు నోటితోని పలకదు, 'మా ఆయన, మా ఆయన' అంటది. గంత భయపడే మనిషిని పట్టుకొని..." అప్పటికి తానేం బయటపెట్టిందో తెలిసి నాలుక కరుచుకుంది.

జనంలో గుసగుసలు లేచాయి. ఇంద్రకరణ్ గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంటి ముచ్చట ఈడ వద్దు. సారూ, వీణ్ని తీస్కపోండ్రి."

మహేష్ తల ఎత్తాడు.

భాగ్య సైకిల్ నేర్చుకుంటోందని మొదటిసారి విన్న రోజు అతనికి బాగా గుర్తుంది. ఎప్పటి నుంచి? ఎవరెవరున్నారు? వాడు నిన్ను పట్టుకొని నేర్పిండా? ప్రశ్నలు వద్దన్నా నోట్లోంచి ఊడిపడ్డాయి. ఏ మొగుడైనా అడుగుతాడు. ఇంద్రకరణ్ ఒక్కటి కూడా అడగలేదు. ఆశ్చర్యపోలేదు. అంటే ఇప్పుడు తెలిసిన సంగతి కాదు.

ఆ ఒక్క ముడి విడగానే మిగతావి జారిపోయాయి. గ్రౌండ్ నుంచి తిరిగి వస్తూ మహేష్ ఇంద్రకరణ్ వాళ్ల గల్లీలోంచే వచ్చాడు. గేటు ముందు నేలంతా తడి. తడిలో చితికిన నిమ్మకాయలు, పసుపూ కుంకుమా. అప్పుడు తన ఖుషీలో తానుండి పట్టించుకోలేదు.

"అన్నా, మీ కారేది?" అన్నాడు.

"ఏం?"

"పాన్ డబ్బా దాంక పోవాలన్నా కారు తీసేటోనివి. ఇయ్యాల మోటార్ సైకిల్ మీదొచ్చినవ్."

"సర్వీసింగ్‌కు ఇచ్చిన. నాకు నువ్వు లెక్క అడుగుతవా రా?"

"సర్వీసింగ్‌కు ఇచ్చిన బండి టైర్ల కింద పొద్దున నిమ్మకాయలు ఎవరు పెట్టిండ్రు?"

ఇంద్రకరణ్ మోటార్ సైకిల్ వైపు ఒక అడుగు వేశాడు.

ఈసారి నోరు తెరిచింది భూమయ్య. "ఇయ్యాల బుధవారం గదనే," అన్నాడు నెమ్మదిగా. "అమాస సుత కాదు. కొత్త బండి కాదు."

స్టాండ్‌లో ఎవరూ నవ్వలేదు. నిమ్మకాయలు ఎప్పుడు తొక్కిస్తారో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. కొత్త బండికి. అమావాస్యకు. దిష్టి తీసే రోజులకు. లేదంటే బండికి నెత్తురు తాకినప్పుడు. అలాంటి బండిని నిమ్మకాయలు తొక్కించకుండా ఇంటి గేటు దాటించడానికి ఏ డ్రైవర్‌కూ ధైర్యం చాలదు. చేతులు వాటంతటవే ఆ పని చేస్తాయి.

"జీపు ఎక్కు," అన్నాడు గాబ్రియేలు. కానీ చూసింది మహేష్ వైపు కాదు. "జర మీ ఇల్లు చూసొద్దాం, ప్రెసిడెంట్ సాబ్."

గేటు ముందు నేల ఆరింది. ఊడ్చిన గుర్తులున్నాయి. పసుపు మరక మాత్రం పోలేదు. లోపల కారు మీద కవర్ కప్పి ఉంది. జీపు వెనకే ఆటోలు, వాటి వెనక భాగ్య సైకిల్ వచ్చి ఆగాయి.

సువర్ణ వరండాలో నిలబడి ఉంది. ఎడమ చెంప కమిలి ఉంది. అది పొద్దుటి దెబ్బ కాదు, రాత్రిది.

"లోపలికి పో," అన్నాడు ఇంద్రకరణ్.

ఆమె కదల్లేదు. భాగ్యను చూసింది. "ఎల్లేషన్న బతికిండా?"

"కండ్లు తెరిచిండక్కా. బతుకుతడంటున్నరు."

సువర్ణ కళ్లు మూసుకొని తెరిచింది. ఆ చిన్న మాటకే ఇంద్రకరణ్ ముఖం ఎట్లా వంకర తిరిగిందో మహేష్ చూశాడు. తన ముఖమే అద్దంలో చూసుకున్నట్టు అనిపించి చూపు తిప్పుకున్నాడు.

"చూసిండ్రా సారూ?" ఇంద్రకరణ్ అరిచాడు. "నా ఇంట్ల నిలబడి వాని బాగోగులు అడుగుతుంది! నేను తిన్ననా లేదా ఒక్కనాడన్న గట్ల అడిగిందా?"

"నిన్న నా చీరకు గొలుసు మరక చూసిండు సారూ," అంది సువర్ణ, మొగుడి వైపు చూడకుండా. "ఎవరు నేర్పుతుండ్రని కొట్టి అడిగిండు. చెప్పిన. తెల్లారకముందే కారు తీసిండు. వచ్చినంక నిమ్మకాయలు తెమ్మన్నడు. ఏమైందంటే, కుక్క అడ్డమొచ్చిందన్నడు. బండి నేనే కడిగిన."

ఆమె పిడికిలి విప్పింది. అరచేతిలో ఎర్రటి అద్దం ముక్క. అంచు గుచ్చుకొని చర్మం తెగి ఉంది.

"కారు ముందటి జాలీల ఇరుక్కొని ఉండె. కుక్కకు గిది యాడిది?"

గాబ్రియేలు భాగ్య సైకిల్ వెనక బిళ్ల చూశాడు, ముక్కను చూశాడు. కానిస్టేబుల్ కారు కవర్ లాగేశాడు. బంపర్ మూల పగిలి ఉంది.

"బండి తోలింది ఎవరమ్మా?"

"మా ఆయన."

"గట్ల కాదు. పేరు చెప్పాలె."

పెళ్లయినప్పటి నుంచి మొగుడి పేరు సువర్ణ నోట రాలేదు. రేషన్ దుకాణంలో అడిగినా పక్కవాళ్లే చెప్పేవారు. ఇంద్రకరణ్ ఆమెనే చూస్తున్నాడు. చెప్పదని అతనికి నమ్మకం. ఆ నమ్మకం మీదే అతను ఇంకా తల ఎత్తుకొని నిలబడ్డాడు.

భాగ్య వెళ్లి ఆమె పక్కన నిలబడింది.

సువర్ణ తల తిప్పి మొగుడి కళ్లలోకి సూటిగా చూసింది.

"ఇంద్రకరణ్," అంది, గల్లీ చివరిదాకా వినపడేలా.