పట్టు వదిలిందెవరు

ముసుగు కొలతలు తనవి కావని దర్జీ చెప్పగానే మిడతకు ముందు నవ్వొచ్చింది.

"కళ్లజోడు మార్చుకో పెద్దాయనా. పదకొండేళ్లుగా నా తలకే కుడుతున్నావు, ఇప్పుడు కొత్తగా కొలతలేంటి?"

దర్జీ పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదుల్ని ఒక్కొక్కటే తీసి మెత్తకు గుచ్చాడు. "నీ తల చుట్టుకొలత నాకు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇది నీది కాదయ్యా. సర్కస్ నుంచి వచ్చిందే, ఆ అమ్మాయిది. ముసుగేస్తే ఆడో మగో ఎవరికి తెలుస్తుందంటున్నారు. నీకు చెప్పలేదా?"

మిడత నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

అతని అసలు పేరు స్టూడియోలో ఎవరికీ గుర్తు లేదు, ఎగిరి దూకే తీరు చూసి అందరూ మిడత అనే పిలుస్తారు. సూపర్ హీరో సీరియల్లో 'మెరుపు' అనే ముసుగు వీరుడికి అతను డూప్. మెరుపు మేడల మీంచి దూకుతాడు, వంతెనల కింద వేలాడతాడు. మొహం చూపించాల్సి వస్తే హీరో వస్తాడు, మిగతా ఒళ్లంతా మిడతదే. మిడత గాల్లో ఉన్నప్పుడు అతని నడుం బెల్టుకు కట్టిన తాడు రెండో కొస ఒక్కరి చేతిలోనే ఉంటుంది. అతను వేసిన ముడి ఇంతవరకూ ఊడింది లేదు కాబట్టి అందరూ అతన్ని 'ముడి' అంటారు. మిడత మాత్రం బావా అంటాడు, అతనూ మిడతను అలాగే పిలుస్తాడు. ఇద్దరూ ఒకే వ్యాయామశాలలో కండలు పెంచినవాళ్లు. ముడి చెల్లెల్నే మిడత చేసుకున్నాడు. పెళ్లిచూపులకు కూడా బావతోనే వెళ్లాడని, ఆయన సొంత చెల్లెల్నే తనకు పరిచయం చేస్తుంటే పకపకా నవ్వాడని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కొత్త మనిషి వస్తున్నట్టు బావకు తెలియకుండా ఉండదు. తాడు పట్టేవాడికి తెలియకుండా దూకేవాణ్ణి మార్చరు. మిడత దర్జీ గదిలోంచి విసురుగా బయటికొచ్చాడు. సరిగ్గా అప్పుడే ఎదురుగా ప్రొడ్యూసర్ గది తలుపు తెరుచుకుంది. ముడి బయటికొచ్చాడు. చేతిలో గోధుమరంగు కవరు. మిడతను చూసి కవరును గబుక్కున చొక్కా లోపలికి దోపుకున్నాడు.

"ఎక్కడికెళ్లావు బావా?"

"పన్ను సలుపుతోంది. డాక్టరు దగ్గరికెళ్లొస్తున్నా."

ఆ తలుపు మీద ఇంత పెద్ద అక్షరాలతో ప్రొడ్యూసర్ అని రాసుంది. మిడత ఆ అక్షరాల వంకా, బావ వంకా చూశాడు. అడగలేదు. "జాగ్రత్త, పన్నుతో ఆటలొద్దు" అని మాత్రం అన్నాడు.

ఆ మధ్యాహ్నమే టీ దగ్గర రచయిత్రి కొత్త కథ చదివి వినిపించింది. ఈసారి మెరుపుకూ, అతని ప్రాణస్నేహితుడు నీడకూ వైరం. నీడ ఏదో దాస్తాడు, మెరుపు అనుమానిస్తాడు, నగరం సగం కూలేదాకా ఇద్దరూ కొట్టుకుంటారు.

"ఏం దాస్తున్నావురా అని ఒక్క ముక్క అడిగితే పోయేదానికి ఇన్ని ఎపిసోడ్లెందుకమ్మా? వాళ్ల కోపాలకి నా నడుం విరగాలా?" అన్నాడు లైట్లాయన. అందరూ నవ్వారు.

"పరాయివాణ్ణయితే అడుగుతాం. సొంతవాణ్ణి అడిగి, వాడు అవునంటే? ఆ భయానికే అడగరు" అంది రచయిత్రి.

మిడత నవ్వలేదు. ముడి కూడా నవ్వలేదు. గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

నిజానికి దాచడం మొదలుపెట్టింది మిడతే. ఆరు నెలలుగా అతని ఎడమచేతి వేళ్లు ఉన్నట్టుండి తిమ్మిరెక్కుతున్నాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా తంటాలు పడేవాడు. భార్యకు చెప్పలేదు. బావకు అసలే చెప్పలేదు. డూప్ చెయ్యి బాగోలేదని తెలిస్తే ఇంకో సినిమాకు కూడా పిలవరు. రెండు వారాల కిందట ఒక షాటులో ఎత్తున ఉన్న ఇనుపకమ్మీ పట్టుకుని వేలాడాలి. కింద ముడి తాడు బిగించి ఈల వేస్తాడు, ఈల విన్నాకే వదలాలి. వేలాడుతుండగానే వేళ్లు మొద్దుబారాయి. కమ్మీ జారిపోయింది. తాడింకా బిగియలేదు. మరుక్షణమే తాడు బిగిసి ఈల మోగింది, కానీ అప్పటికే ఆలస్యమైంది. గాలిపరుపు అంచున మెడ ఒత్తుకునేలా పడ్డాడు.

ఆస్పత్రికి మోసుకెళ్లింది ముడే. మర్నాడు రిపోర్టు తెచ్చింది కూడా అతనే. "ఏం లేదు బావా, కండ పట్టేసిందట. నార్మల్" అన్నాడు. ఎలా పడ్డావని ఎవరూ మిడతను నిలదీయలేదు. తాడు బిగియడం ఆలస్యమైందనుకున్నారంతా. మిడత ఆ అనుమానాన్ని అలాగే ఉండనిచ్చాడు.

ఇంటికెళ్లి భార్యను అడిగాడు. "మీ అన్నయ్య ఈమధ్య ఏదో దాస్తున్నాడు. నీకేమైనా తెలుసా?"

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చేతులు ఒక్క క్షణం ఆగాయి. "నాకేం తెలుసు? ఆయన సంగతి నీకే ఎక్కువ తెలుసు" అంది, మళ్లీ మడతలు మొదలుపెడుతూ.

ఆ ఒక్క క్షణం మిడత గుండెలో ముల్లులా దిగబడింది. అన్నాచెల్లెళ్లు ఒకటయ్యారనుకున్నాడు. ఆ రోజు నుంచీ అతనికి కనిపించినదల్లా సాక్ష్యమే అయింది. పెద్ద దూకుళ్లు తన పేరు మీంచి ఒక్కొక్కటే జారిపోతున్నాయి. సర్కస్ అమ్మాయికి ముడి దగ్గరుండి బెల్టు కడుతున్నాడు. ఒకరోజు ముడి కట్టిన బెల్టును మిడత విప్పి, అందరి ముందూ మళ్లీ సొంతంగా కట్టుకున్నాడు. ముడి చెంప మీద కొట్టినట్టు నిలబడిపోయాడు.

"ఏంటి బావా, నా ముడి మీద నమ్మకం లేదా?"

"నా మెడ కదా. నేను చూసుకుంటాలే."

ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు లేవు. సైగలతో పని నడిచింది.

పదిరోజులకు మిడత డూపుల సంఘం ఆఫీసుకు ఉత్తరం రాశాడు. తాడు మాస్టరు చేతులు వణుకుతున్నాయని, ఆ రోజు తాడు బిగించకముందే ఈల వేసినందువల్లే తాను పడ్డానని, ఆయన చేతిలో ఎవరి ప్రాణానికీ భరోసా లేదని. రాస్తున్నప్పుడు ఎడమచెయ్యి కాగితాన్ని సరిగా అదిమి పెట్టలేకపోయింది. మోచేత్తో నొక్కిపట్టి సంతకం చేశాడు.

విచారణ గదిలో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. మధ్యనున్నావిడ ఒకప్పుడు పేరున్న డూప్, ఇప్పుడు కుంటుతూ నడుస్తుంది. ఉత్తరం చదివి వినిపించింది. మిడత బావ వైపు చూడలేదు. గట్టిగా అరుస్తాడని, నువ్వే ఎక్కడో తప్పు చేశావంటాడని కాచుకుని ఉన్నాడు. దానికి జవాబులు కూడా వల్లెవేసుకొచ్చాడు.

"తాడు బిగించాకే ఈల వేశావా? అవునో కాదో చెప్పు" అందావిడ.

ముడి చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"చెప్పలేనమ్మా. బిగించాననే అనుకుంటున్నా. కానీ వాడు పడ్డాడు కదా. బిగించి ఉంటే పడడు."

"కొన్నాళ్లుగా ఇతన్ని పెద్ద దూకుళ్లకు ఎందుకు దూరం పెట్టించావు? ప్రొడ్యూసర్ని నువ్వే అడిగావట."

"అది చెప్పను."

"చెప్పకపోతే నీకే నష్టం."

"ఫర్వాలేదు."

రెండేళ్లపాటు తాడు ముట్టకూడదన్నారు. ముడి మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. గెలిచినవాడిలా ఉండాల్సిన మిడత ఆ కార్డు వంకే చూస్తూ కూర్చున్నాడు. బావ ఒక్కమాటైనా ఎదురు చెప్పకపోవడం అతనికి అంతుపట్టలేదు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. ఆమె చేతిలో గోధుమరంగు కవరు.

"ఎంత పని చేశావు! అన్నయ్య మీద రాశావట. నిజమేనా?"

"నా పొట్ట కొట్టాలని చూస్తే ఊరుకోమంటావా?"

ఆమె కవరు అతని మొహాన కొట్టింది. అందులోంచి ఎక్స్‌రే ఫిల్మ్ నేల మీద పడింది. వెనక రిపోర్టు. మెడలో రెండు ఎముకల మధ్య నరం నలిగిపోతోందని, ఇంకొక్కసారి పడితే మెడ కిందినుంచీ ఒళ్లు పనిచేయకపోవచ్చని రాసుంది. పైన మిడత పేరు. తేదీ, నెల కిందటిది.

మిడత మళ్లీ మొదట్నుంచీ చదివాడు. పేరు తనదే.

"నార్మల్ అన్నాడుగా..."

"నేనే అనమన్నా. నీకు చెబితే ఇంట్లో కూర్చుంటావా? పంతానికి మర్నాడే ఇంకో చోటికెళ్లి దూకేవాడివి. ఇది బయటపడితే నీకు ఈ పనిలో ఎవరూ గుమ్మం కూడా తొక్కనివ్వరు. అందుకని నిన్ను దూకడం నేర్పే మాస్టరుగా వేయించాలని అన్నయ్య ప్రొడ్యూసర్ కాళ్లావేళ్లా పడ్డాడు. ఆ కాగితం మీద సంతకమయ్యేదాకా ఎవరికీ తెలియకూడదన్నాడు ప్రొడ్యూసర్. వచ్చే వారమే సంతకం. ఇవాళ ఆ గదిలో ఇది బయటపెట్టి ఉంటే అన్నయ్య బతికిపోయేవాడు. నువ్వు మునిగిపోయేవాడివి."

మిడత గోడకు ఆనుకుని కూలబడ్డాడు. భార్య ఏడుస్తూనే ఉంది. "నేను ఒక్కముక్క నీతో అని ఉంటే..." అని మళ్లీ మళ్లీ అంటోంది. ఆమెను ఓదార్చాలని కూడా అతనికి తోచలేదు.

ఎక్స్‌రే తీసుకుని లేచి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బావ ఇంటికి బయల్దేరాడు. రెండు వీధుల అవతలే. తలుపు తీసే ఉంది. ముడి వరండాలో కూర్చుని తాళ్లన్నీ చుట్టలు చుడుతున్నాడు, స్టూడియోకు తిరిగి ఇచ్చేయడానికి కాబోలు. అతన్ని చూసి లేవలేదు.

"తెలిసిందా?"

"తెలిసింది బావా. నన్ను చెప్పుతో కొట్టు. కుట్ర చేస్తున్నావనుకున్నా."

"అనుకుంటావు. నేనూ అబద్ధమాడానుగా. పన్ను నొప్పి అంటే ఎవడు నమ్ముతాడు?" ముడి గొంతులో కోపం లేదు. "నన్ను తినేస్తున్నది అది కాదు. ఆ రోజు నా వల్లే పడ్డావు. నెల రోజులుగా కళ్లు మూస్తే ఆ ఈలే వినిపిస్తోంది. ముందు వేశానా, తర్వాత వేశానా అని. నువ్వు రాసింది సబబే. ఈ చేతుల్ని నేనే నమ్మట్లేదు."

ఇప్పటిదాకా మిడత క్షమాపణ అడగడానికి వచ్చింది ఒక తప్పుకు. ఇంకొకటి ఉందని, అదే అసలుదని, అదిప్పుడు ఎదురుగా కూర్చుని తాళ్లు చుడుతోందని తెలిసింది. నోరు మూసుకుంటే చాలు. బావ క్షమించేశాడు.

"నీ చెయ్యి జారలేదు బావా."

ముడి తలెత్తాడు.

"నువ్వు సరిగానే చేశావు. ఈలకు ముందే నేను వదిలేశా. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఆరు నెలలుగా ఎక్కుతున్నాయి. నీకు చెప్పలేదు."

ముడి చేతిలోని తాడు చుట్ట మెల్లగా విడిపోయి నేల మీదికి జారింది.

"అది నీకెప్పుడు తెలుసు?"

"పడ్డప్పుడే."

"ఉత్తరం రాసేటప్పుడు?"

మిడత తల వంచుకున్నాడు.

"తెలిసే రాశావా?" ముడి గొంతు పీలగా, ఎవరిదో పరాయి మనిషిదిలా వచ్చింది. "నా మీద అనుమానపడ్డావు, సరే. కోపమొచ్చింది, సరే. నేను చెయ్యలేదని తెలిసి, చేశానని రాసి, కింద సంతకం పెట్టావా? ఇవాళ ఆ గదిలో నా చేతులు చూసుకుంటుంటే పక్కనే కూర్చుని చూశావా?"

మిడత కాళ్ల మీద పడబోయాడు. ముడి చటుక్కున వెనక్కి జరిగాడు.

"వంగకు. నీ మెడ బాగోలేదు" అన్నాడు. అని, ఆ మాట తన నోటివెంట ఎలా వచ్చిందా అన్నట్టు తనే నివ్వెరపోయాడు. తర్వాత చొక్కా తొడుక్కున్నాడు. "పద. ఆఫీసు ఇంకా మూసుండరు. వాళ్ల ముందు చెప్పు."

బస్సులో ఇద్దరూ వేర్వేరు సీట్లలో కూర్చున్నారు. మిడత ఆ ముగ్గురి ముందూ అంతా చెప్పాడు. ఎక్స్‌రే కూడా బల్ల మీద పెట్టాడు. పెద్దావిడ దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, ముందు మిడతను, తర్వాత ముడిని చూసింది. కార్డు తీసి ముడి చేతికిచ్చింది. మిడత కార్డు అడిగి తీసుకుంది. మాస్టరు ఉద్యోగం సంగతి ప్రొడ్యూసర్ ఆ తర్వాత ఎత్తనే లేదు.

మిడత మెడకు ఆపరేషన్ జరిగింది. మత్తు వదిలాక మొదట వినిపించింది వసారాలో బావ గొంతు. "వేళ్లు కదులుతున్నాయా? ఎడమవి?" అని నర్సును అడుగుతున్నాడు. కదులుతున్నాయని ఆమె చెప్పింది.

"బావా!" అని మిడత పిలిచాడు. కట్టు కట్టిన మెడ తిప్పలేక, పైకప్పును చూస్తూనే రెండోసారి పిలిచాడు.

భార్య లోపలికొచ్చి దుప్పటి సర్దింది.

"వెళ్లిపోయాడు. రోజూ వస్తానన్నాడు, నన్ను చూడ్డానికి. గదిలోకి మాత్రం రమ్మని అడగొద్దన్నాడు."