దొంగముడి

పట్టపగలు, ముప్పైమందిమి చూస్తుండగా, మా షెడ్డు పెద్దక్క మగ్గం మీది తివాచీని యజమాని నిలువునా కోసేశాడు. అది పదకొండు నెలల పని. నిలువుగా బిగించి కట్టిన పడుగు దారాలు టప్పుటప్పుమని తెగాయి. మాలో ఒక్కరమూ నోరు మెదపలేదు. ఆ సిగ్గు దాచుకోకుండానే చెబుతున్నాను.

ఆమె నేరం ఒక్కటే. దొంగముడి వెయ్యనంది.

ఈ పని తెలియనివాళ్ల కోసం చెప్పాలి. తివాచీకి ప్రతి ఉన్నిముడినీ రెండు పడుగు దారాల చుట్టూ వెయ్యాలి. వరస నిండాక ఇనుప దువ్వెనతో దిగ్గొట్టాలి. అలా నేసింది మూడు తరాల పాదాలు మోస్తుంది. అదే ముడిని నాలుగు దారాల మీద వేస్తే పని సగంలో తేలిపోతుంది. పైకి అదే పువ్వు, అదే లత. పదేళ్లు తిరక్కముందే ఉన్ని రాలి బట్టతల. యజమాని కొందరితో ఏడాదిగా చాటున వేయిస్తున్నదీ, ఇప్పుడు అందరినీ వెయ్యమన్నదీ ఆ ముడే. అమ్మేది మాత్రం అసలు సరుకని చెప్పి.

"ఇవాళ ఈమెది కోశాను. రేపు ఎవరిదో మీరే తేల్చుకోండి" అంటూ కత్తి మడిచి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రంగు తొట్ల వెనక చేరాం. అందరికంటే ముందు మా గొణుగుడు బావ అందుకున్నాడు.

"కొనేవాడు మోసపోతే మనకేంటంట? వాడేమన్నా మన మేనమామా? సగం ముళ్లేస్తే వేళ్లకైనా సుఖం."

"నీ వేళ్ల సుఖం సరే తమ్ముడూ, నీ పెళ్లాం మగ్గం మిగులుద్దా?" అంది పెద్దక్క.

"దానికేమైంది?"

"ముళ్లు సగమైతే ముప్పైమంది పని పదిహేనుమంది చేసేస్తారు. మిగతావాళ్లని ఇంట్లో కూర్చోబెట్టి మేపుతాడా?"

బావ తన భార్య వైపు చూశాడు. ఇంతలో ఎవరో అన్నారు: "మనం కాదంటే పక్క షెడ్డోళ్లని దింపుతాడు. అదీ ఈయనదేగా."

"వాళ్లతో ఎవరన్నా మాట్లాడారా?" అంది పెద్దక్క.

మాలో వాళ్ల గడప తొక్కినవాళ్లే లేరు. పెద్దక్క నన్ను పక్క షెడ్డుకి పంపింది. అక్కడ ఎవరూ మగ్గం మీంచి తలెత్తలేదు. నల్ల చీర కట్టుకున్న ఒకామె మాత్రం, పెదవులు కదలకుండా, "మాకూ అదే ముడి" అంది. అంతే. అది సాయమో భయమో తెలియకుండానే తిరిగొచ్చాను.

మూడో రోజు పెద్ద కొనుగోలుదారుడు వచ్చాడు. యజమాని తివాచీలు పరిపించి, "ప్రతి ముడీ అసలే సార్! మావాళ్ల చేతులు బంగారం" అన్నాడు.

పెద్దక్క లేచింది. "అయ్యా, తివాచీని మొహం చూసి కొనకూడదు. వెనక్కి తిప్పండి, ముళ్లు అక్కడే కనిపిస్తాయి."

యజమాని కళ్లు ఎర్రబడ్డాయి. అప్పుడు గొణుగుడు బావ వంగి, ఒక తివాచీ అంచు పట్టుకుని బోర్లా తిప్పాడు. వేలు పెట్టి చూపించాడు.

"ఇది నేనేసిందే. దొంగముడి. భయపడి వేశాను."

"ఇది నాది" అంది అతని భార్య, ఇంకోటి తిప్పి.

"ఇది నాది" అన్నాను నేను.

కొనుగోలుదారుడు సరుకు వదిలేసి బండెక్కాడు. గంట తిరక్కముందే పోలీసులు దిగారు. సరుకు పాడుచేసిందని కేసు రాసి పెద్దక్కను జీపెక్కించారు.

"దువ్వెనలు కింద పెట్టండి! ఏడ్చారంటే మాత్రం ఊరుకోను" అని అరిచింది లోపలినుంచి.

దువ్వెనలు పడేసి, వెళ్లి జీపు ముందు కూర్చున్నాం. లాఠీ బావ భుజం మీద పడింది. అతను కదల్లేదు.

"కూర్చోనీండి సార్, ఎంతసేపు కూర్చుంటారో! మగ్గాలకి మనుషుల్ని పిలిపించాను" అని నవ్వాడు యజమాని.

పక్క షెడ్డు తలుపులు తెరుచుకున్నాయి. నలభైమంది దాకా వస్తున్నారు, చేతుల్లో ఇనుప దువ్వెనలతో. అయిపోయింది, కడుపుకోసం వచ్చేశారు అనుకున్నాను. వాళ్లను మాత్రం ఏమనగలం?

"రండి రండి, లోపలికి నడవండి!" అన్నాడు యజమాని.

ముందున్న నల్ల చీరామె అతని కాళ్ల దగ్గర దువ్వెన ధడేలుమని పడేసింది. వెనకే మరొకటి. ఆ వెనక వరసగా అందరివీ. ఆమె తిన్నగా వచ్చి నా భుజం తట్టింది.

"కాస్త జరగమ్మా. వెనకాల ఇంకా చాలామంది ఉన్నారు."