చేతులు కడుక్కునే నీళ్లు

సత్తిరాజుగారింట్లో ఏ వస్తువూ ఒక్క జన్మతో సరిపెట్టుకోదు. చిరిగిన పంచె పాలు వడగట్టే గుడ్డవుతుంది, ఆ గుడ్డ మసిగుడ్డవుతుంది. చేపల చెరువు దగ్గర ఇంజను బ్యాటరీ చచ్చిపోతే, దాని పైభాగం కోయించి, లోపలి రేకులు పీకించి, గేదెకు కుడితి తొట్టి చేయించారాయన. గణపవరం నుంచి వచ్చిన చుట్టాలకి దాన్ని కొత్త కారు చూపించినట్టు చూపించారు.

కోడలు వెంకటలక్ష్మి కెమిస్ట్రీతో బీయస్సీ చదివింది. "మావయ్యగారూ, అందులో సీసం ఉంటుందండీ" అని అప్పుడే అంది.

"చింతపండు పెట్టి తోమించానమ్మా, తళతళలాడుతోంది."

పులుపు తగిలితే సీసం ఇంకా ఊడి వస్తుందనీ, కుడితి కూడా పులుస్తుందనీ చెప్పబోయింది.

"నీ బీయస్సీ గేదెలకి కాదమ్మా" అన్నారాయన. పెరట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆమె డిగ్రీ అటక మీది గంగాళం పక్కకి చేరింది.

ఇప్పుడు ఆ గేదె, ఇంటిల్లిపాదికీ కాఫీ పోసిన గౌరి, పాకలో గోడకి నుదురు ఆనించి తోస్తోంది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. పొద్దున ఫిట్సు వస్తే పశువుల డాక్టరు ఏసుకుమార్ ఇంజక్షన్ చేసి వెళ్లాడు. మధ్యాహ్నానికి తేరుకోవాల్సింది, సాయంత్రమైనా మత్తు దిగలేదు. ఆ మత్తులోనే మళ్లీ వణుకు మొదలైంది.

కబురందుకుని మళ్లీ వచ్చిన డాక్టరు తల గోక్కున్నాడు. "ఇంత పశువుకి ఆ డోసు ఏ మూలకండీ! ఇంకోటి చెయ్యాలంటే భయంగా ఉంది. ఏమన్నా నాకిందాండీ? రంగు డబ్బాలు, బ్యాటరీల్లాంటివి?"

తలుపు వెనక నుంచి వెంకటలక్ష్మి వింటోంది.

"అలాంటివి మా ఇంట్లో ఎందుకుంటాయండీ" అన్నారు సత్తిరాజుగారు. అబద్ధం కాదు. ఆయన దృష్టిలో అది బ్యాటరీ కాదు, తొట్టి. "ఇంకోటి చేసెయ్యండి. ఈసారి గట్టిది."

చెరువు గట్టు మీదున్న మొగుడు మధుబాబుకి ఆమె అంతకుముందే ఫోన్ చేసింది. "బయటివాళ్ల ముందు నాన్నగారి మాటకి అడ్డెళ్లకే" అని పెట్టేశాడు. అడ్డెళితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఏడాది పొడుగునా కూరలో ఉప్పు దగ్గర్నుంచీ అన్నీ తప్పులే. వెళ్లకపోతే గౌరి ఉండదు.

డాక్టరు మందు సీసా తీశాడు.

"అమ్మాయ్, డాక్టరుగారికి నీళ్లు!"

పశువుల డాక్టరొస్తే నీళ్లూ, సబ్బూ, ఉతికిన తువ్వాలూ ఇవ్వడం ఆ ఇంటి మర్యాద. నూతి దగ్గర బకెట్టుంది. గేదె మేత మానేశాక బోర్లించిన తొట్టి దాని పక్కనే ఉంది. వెంకటలక్ష్మి రెండింటినీ చూసింది. తొట్టి నిండా నీళ్లు తోడి, తువ్వాలు భుజాన వేసుకుని, మహా వినయంగా తెచ్చి డాక్టరు ముందు పెట్టింది.

చేతులు ముంచబోయిన డాక్టరు, తొట్టి మీద బ్యాటరీ కంపెనీ అక్షరాలు చూసి ఆగిపోయాడు. "ఇదేంటమ్మా?"

"గౌరి కుడితి తొట్టండీ. బకెట్టు కనపళ్లేదు."

రెండో ముక్క మాత్రం అబద్ధమే.

డాక్టరు సీసా మళ్లీ సంచిలో పెట్టేశాడు. "సీసమండీ! అది కాలేయాన్ని పట్టేస్తే మందుని విరిచి బయటికి పంపేవాడెవడు? పొద్దుటిదే ఇంకా ఒంట్లో ఉంది. దాని మీద ఇదీ పడితే నిద్రలోనే పోయేది." ఒంట్లోంచి సీసాన్ని లాగే మందు ఏలూరు నుంచి తెప్పించాలనీ, కిడ్నీలు తట్టుకుంటేనే అది పనిచేస్తుందనీ, ఏ మాటా ఇవ్వలేననీ అన్నాడు. "పాలు తాగకండి. మీరంతా కూడా రక్తం పరీక్ష చేయించుకోండి."

సత్తిరాజుగారు తొట్టిని చూశారు. నూతి దగ్గర నిక్షేపంలా ఉన్న బకెట్టుని చూశారు. తర్వాత కోడల్ని చూశారు.

"నీళ్లు మార్చి తీసుకురామ్మా" అన్నారు, చాలా మెల్లగా. "బకెట్టుతో."

"అలాగేనండీ."

ఆ మెల్లదనం ఎన్నాళ్లుంటుందో లెక్కేసుకుంటూ ఆమె నూతి వైపు నడిచింది. వెనక గౌరి ఇంకా గోడని తోస్తూనే ఉంది. గోడ కదల్లేదు, గౌరీ ఆగలేదు.