పద్నాలుగు ఐదులు

ఎనిమిదో పేపరులో కూడా ఐదే ఉంది.

జయకృష్ణ కళ్ళజోడు సర్దుకుని ఆ పేపరును కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. నాలుగు రాసి ఐదుగా దిద్దారేమోనని వేలితో తడిమాడు. దిద్దలేదు. తొమ్మిదో పేపరులోనూ ఐదు. పదిలోనూ ఐదు. పద్నాలుగూ పూర్తయ్యేసరికి పక్కనున్న కాఫీ మీద మీగడ కట్టింది.

అది మూడో ప్రశ్న. "ఒక బొగ్గు గనిలోకి ముప్ఫై మంది కార్మికులు దిగాలి. లిఫ్టులో ఒకసారికి ఎనిమిది మంది పడతారు. అందరూ దిగాలంటే లిఫ్టు ఎన్నిసార్లు దిగాలి?" కీలో ఉన్న జవాబు నాలుగు. మూడుసార్లకు ఇరవై నాలుగు మంది, నాలుగోసారి మిగిలిన ఆరుగురు. నిదానస్తుడు నాలుగు రాస్తాడు. తొందరపడ్డవాడు మూడు రాస్తాడు. మరీ తొందరైతే ముప్ఫైకి ఎనిమిది కలిపి ముప్ఫై ఎనిమిది రాస్తాడు. ఐదు ఎవరూ రాయరు. ఐదుకి వెళ్ళే దారే లేదు.

దారి లేని చోటికి పద్నాలుగు మంది ఒకేసారి చేరారంటే, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారన్నమాట.

"దొరికారు," అన్నాడు పైకే.

"ఎవరండీ? పాలవాడా?" వంటింట్లోంచి మాణిక్యాంబ అడిగింది. "నిన్న గ్యాసు సిలిండరు తూకం వేయించారు, మొన్న ఇస్త్రీవాడి ముందు చొక్కాలు లెక్కపెట్టారు. ఈ వీధిలో ఇంకా ఎవరు మిగిలారు?"

"పిల్లలు."

"పాపం," అంది ఆవిడ. ఎవరి గురించో చెప్పలేదు.

జయకృష్ణకు యాభై ఏడేళ్ళు. హైదరాబాదులోని ఒక ట్రస్టు బొగ్గుబెల్టులో నడిపే ట్యూషన్ సెంటర్లకు పదకొండేళ్ళుగా పరిశీలకుడు. మూడు నెలలకోసారి తనే పరీక్ష పెడతాడు, తనే దిద్దుతాడు. ఒకే తప్పు జవాబు ఐదుగురి కంటే ఎక్కువమంది రాస్తే అది కాపీ. ఆ సెంటరు మూసెయ్యాలి. ఆ నియమం పెట్టించింది ఆయనే. దానితో ఇప్పటికి మూడు సెంటర్లు మూయించాడు. గోదావరిఖని పిల్లలు ఆయనకు "సీసీ కెమెరా సార్" అని పేరు పెట్టారు. అది ఆయనకు తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

ఈ పద్నాలుగు పేపర్లు గని కార్మికుల టీ-టూ క్వార్టర్లలో సారలమ్మ నడిపే సెంటరువి. పరీక్షరోజు పిల్లల్ని బారెడు దూరంలో కూర్చోబెట్టింది జయకృష్ణే. కాబట్టి పక్కచూపులు కావు. ప్రశ్న ముందే పొక్కింది. టీచరే జవాబు చెప్పిపెట్టింది, అదీ తప్పు జవాబు. గురుకులం ప్రవేశ పరీక్షకు ఇంకా రెండు వారాలే ఉంది. ఇవాళ సెంటరు మూతపడితే ఆ నాలుగో తరగతి పిల్లలకు వేరే దిక్కు లేదు. ఆ సంగతీ ఆయనకు తెలుసు. అయితే మాత్రం, దొంగతనం దొంగతనమే కదా అనుకుంటూ మోపెడ్ తీశాడు.

ఫిబ్రవరి రెండో శనివారం. బడికి సెలవు. ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్టల మీద డంపర్లు చీమల్లా పాకుతున్నాయి. మలుపులో బొగ్గు లారీ ఒకటి ఎదురై, తెల్లచొక్కా భుజాల మీద ఇంత నుసి చల్లి పోయింది. క్వార్టర్లకు నాలుగిళ్ళ ముందే బండి ఆపి, చప్పుడు కాకుండా నడిచి, రేకుల వరండా పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

లోపల సారలమ్మ గొంతు.

"ఒక లారీల కొంత బొగ్గున్నది. దానికి కొన్ని టైర్లున్నయి. డ్రైవర్ వయసెంత?"

జయకృష్ణ భృకుటి ముడిపడింది. అంకెలేవి? తాను వచ్చినట్టు ఎవరైనా సైగ చేశారా? ఇది సంకేత భాషా?

"ఇగ అంకెలు రాసుకోండ్రి. బొగ్గు ఇరవై టన్నులు. టైర్లు పది."

ముప్ఫై, అనుకుంది జయకృష్ణ మనసు. ఆయన అనుకోకముందే అనేసుకుంది. వరండాలో పిల్లలు పగలబడి నవ్వారు.

"టీచర్, గిది లెక్కనే కాదు! మోసం!"

"గట్లనే అనుమానించాలె," అంది సారలమ్మ. "లెక్క అన్నంక నమ్మొద్దు. ఎవరున్నరు, ఏం చేస్తున్నరు, ఏం అడుగుతున్నరు... కండ్ల ముంగట కనవడేదాంక పెన్సిల్ ముట్టొద్దు."

జయకృష్ణ దగ్గి లోపలికి అడుగుపెట్టాడు. నవ్వులు ఆగిపోయాయి. సారలమ్మ చీర కొంగుకు సుద్దచేతులు తుడుచుకుంటూ లేచింది. నలభై ఐదేళ్ళుంటాయి. ఇంటర్ దాకా చదివింది. చేతులు మాత్రం పొలంలో పెరిగిన మనిషివి.

"రండ్రి సార్. చాయ్ తాగుతరా?"

"వద్దు. అంకెల్లేకుండా ఏమిటమ్మా ఆ లెక్క?"

"ముందుగాల అంకెలిస్తే పోరగాండ్లు కథ సదవరు సార్. రెండంకెలు దొరకంగనే కూడి పారేస్తరు."

ఆయన ఆ మాటను డైరీలో రాసుకున్నాడు. పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. తరువాత పేపర్ల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "మూడో ప్రశ్నకు పద్నాలుగు మందీ ఐదు రాశారు. కీలో నాలుగుంది. రూలు మీకు తెలుసు."

సారలమ్మ కట్ట వైపు ఒక అడుగు వేసింది. "నేనేం జెప్పలేదు సార్. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లు వద్దు. ఒక్కొక్కరిని బయటికి పంపండి. మీరు ఇక్కడే ఉండండి. సైగలు చెయ్యొద్దు."

వాకిట్లో నీళ్ళ ట్యాంకు పక్కకు మొదట వచ్చింది హర్షిణి. తొమ్మిదేళ్ళ పిల్ల. రెండు జడలు, ఒకదానికే రిబ్బను.

"ఐదు ఎలా వచ్చింది?"

"ముంగట సర్దార్ దిగుతడు కద సార్."

"ఏ సర్దార్?"

ఆ పిల్ల ఆయన్ను జాలిగా చూసింది. "మీరు ఈడోళ్ళు కాదా సార్? బొగ్గుబాయిల గ్యాస్ ఉన్నదా, పైకప్పు మంచిగున్నదా అని సర్దార్ ముందు దిగి చూస్తడు. ఆయన సరే అంటెనే మందిని దింపుతరు. గదొకటి, మందికి నాలుగు. ఐదు."

రెండోవాడు భూపాల్ వచ్చి, "సర్దార్‌కు ఒకటి, మందికి నాలుగు," అన్నాడు. మూడో పిల్లా అదే అంది. నాలుగోవాడూ అదే.

జయకృష్ణ అనుమానం తగ్గకపోగా ఇంకా చిక్కబడింది. జవాబే కాదు, సంజాయిషీ కూడా బట్టీ పట్టించిందా?

ఆయన ఇక్కడివాడే. పుట్టింది ఇక్కడే. తండ్రి రేపల్లె నుంచి వచ్చి బొగ్గు కాటా దగ్గర గుమాస్తాగా చేశాడు. "ఆ బాయి పిల్లలతో ఆటలేంటి, లోపలికి రా" అంటూ తలుపు వేసేవాడు. బాయి సైరను విని గడియారం సరిచేసుకోవడం తప్ప, కాళ్ళ కింద వెయ్యి అడుగుల లోతున ఎవరు ముందు నడుస్తారో జయకృష్ణ యాభై ఏడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

అయినా పరిశీలకుడు పరిశీలకుడే. ఒక వల పన్నాడు. పిల్లల్ని మళ్ళీ ఒక్కొక్కరిగా పిలిచి చెవిలో చెప్పాడు: "బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో ముప్ఫై మంది. లిఫ్టుకు ఎనిమిది మంది. ఎన్నిసార్లు?" బట్టీ పట్టినవాళ్ళయితే మళ్ళీ ఐదంటారు.

హర్షిణి కళ్ళు చికిలించింది. "గా లిఫ్టు పైకి పోతదా, కిందికా సార్?"

"పైకి."

"గ్యాస్ చూసుడుంటదా?"

"ఉండదు."

"అయితే నాలుగే."

తరువాతి పిల్ల నాలుగంది. ఆ తరువాతివాడూ నాలుగే. పదమూడు మంది నాలుగన్నారు. ఆఖరున భూపాల్ వచ్చి ఐదన్నాడు.

జయకృష్ణ కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎందుకురా?"

"ముంగట మా మామ పోవాలె సార్. గాయనదే లిఫ్టు డ్యూటీ. ఆయన పైకి పోయి చూసినంకనే మందిని ఎక్కించుకుంటడు. మీరు గా ఫ్యాక్టరీకి ఎన్నడన్న పోయిండ్రా?"

పద్నాలుగు మందీ నాలుగని ఉంటే అదీ నేర్పిందే అనుకునేవాడు, ఆయన అనుమానం తీరేది కాదు. భూపాల్ మామ తీర్చాడు.

పేపర్లు సంచిలో పెట్టుకుంటూ, "కాపీ కాదని రాస్తాను," అన్నాడు. సారలమ్మ వరండా స్తంభం పట్టుకుని కూర్చుండిపోయింది. పిల్లలు ఆమె చుట్టూ చేరారు.

"ఏం ఫికర్ లేదు టీచర్. సీసీ కెమెరా ఖరాబైంది," అన్నాడు భూపాల్ గుసగుసగా. అందరికీ వినబడింది. జయకృష్ణకూ వినబడింది. నవ్వు రాబోయి ఆగింది.

పిల్లలు వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. లోపల సారలమ్మ భర్త రఘుపతి రెండో షిఫ్టుకు తయారై, మూడు రొట్టెలు, పప్పు తిని చెయ్యి కడుక్కున్నాడు.

"జల్ది పెట్టు, బస్ పోతది."

సారలమ్మ స్టీలు డబ్బాలో ఇంకో మూడు రొట్టెలు పెడుతోంది.

"ఇప్పుడే తిన్నాడుగా?" అన్నాడు జయకృష్ణ. అలవాటు.

"గది ఇంటి తిండి సార్. ఇది డ్యూటీ డబ్బా. బాయిల ఆకలైతే ఎవరు పెడ్తరు?"

జయకృష్ణ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

గోలేటి. ఆయన మూయించిన సెంటర్లలో ఒకటి. ఆరేళ్ళ కిందట. "ఇంట్లో నలుగురు ఉన్నారు. ఒక్కొక్కరు మూడు రొట్టెలు తింటారు. అమ్మ ఎన్ని రొట్టెలు చెయ్యాలి?" కీలో పన్నెండు. పదకొండు మంది పిల్లలు పదిహేను రాశారు. పదకొండు పదిహేనులు. ఇంటి తిండికి పన్నెండు, డ్యూటీ డబ్బాకు మూడు. అక్కడి మాస్టరు పోశం చేతులు కట్టుకుని, "పోరలను ఒక్కసారి అడుగుండ్రి సార్," అన్నాడు. అడిగితే నేర్పిన అబద్ధమే చెబుతారని జయకృష్ణ అడగలేదు. పది నిమిషాల్లో రిపోర్టు రాశాడు. ఆ ఏడాది గోలేటి నుంచి గురుకులానికి ఒక్కరూ వెళ్ళలేదు.

"ఏమైంది సార్? కండ్లు తిరుగుతున్నయా?"

"లేదమ్మా," అన్నాడు. "కొంచెం మంచినీళ్ళివ్వు." పదకొండేళ్ళలో ఏ సెంటరులోనూ ఆయన నీళ్ళు తాగలేదు. గ్లాసు ఖాళీ చేసి బయటపడ్డాడు.

బస్టాండు వెనుక ట్రస్టు అద్దెకు తీసుకున్న గది తెరిచి, హైదరాబాదుకు ఫోన్ చేశాడు. కార్యదర్శి గోపాలరావు అంతా విన్నాడు.

"మంచిదండీ. ఆ సెంటరు ఉంచుదాం. కీలో నాలుగు గానీ ఐదు గానీ అని రాద్దాం. అంతే కదా?"

"అంతే కాదు. గోలేటి కూడా తప్పే. మూయించిన మిగతా రెండూ మళ్ళీ చూడాలి. పదకొండు మంది అనే అంకె చూశాను గానీ లెక్క చదవలేదండీ."

గోపాలరావు గొంతు తగ్గించాడు. "గోలేటిని ఇప్పుడెందుకు కెలుకుతారు? మన పరిశీలన మీద నమ్మకంతోనే దాతలు మన వెంట ఉన్నారు. పరిశీలకుడే తప్పు చేశానని రాసిచ్చాక ఆ పరిశీలకుణ్ణి ఎలా ఉంచమంటారు? మీరే చెప్పండి."

"ఉంచకండి," అన్నాడు జయకృష్ణ.

రెండు రిపోర్టులు రాశాడు. మొదటిది సారలమ్మ సెంటరుది, నాలుగు వాక్యాలు. రెండోది గోలేటిది, పేజీన్నర. అందులో పోశం పేరు మూడుచోట్ల వచ్చింది. కింద సంతకం పెట్టి, రెండింటినీ ఫోటో తీసి పంపించాడు. అల్మారా తాళం, గుర్తింపు కార్డు, మోపెడ్ కాగితాలు వరసగా బల్ల మీద పెట్టాడు. మోపెడ్ కూడా ట్రస్టుదే.

తరువాత ఇంటికి ఫోన్ చేశాడు. "గోలేటి వెళ్తున్నాను. ఆలస్యమవుతుంది, నువ్వు తినేసెయ్."

"మళ్ళీ ఎవరిని పట్టుకోవడానికండీ?"

"ఒకాయన్ని కలవాలి. ఉంటాడో ఉండడో."

మాణిక్యాంబ ఆ గొంతులో ఏదో పసిగట్టింది. ఈసారి ఎగతాళి చెయ్యలేదు. "చలిగా ఉంటుంది, తలకు ఏదైనా కట్టుకోండి," అంది.

మూడున్నరకు గది ఓనరు సమ్మవ్వ చీపురు పట్టుకుని వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఎవరూ లేరు. "సార్! ఓ సార్!" అని రోడ్డు దాకా వెళ్ళి పిలిచింది. గోలేటి వైపు వెళ్ళే బస్సు అప్పుడే మలుపు తిరుగుతోంది.

ఆమె గది ఊడ్చింది. ఇనుప కుర్చీ మీద, జయకృష్ణ ఇన్నేళ్ళూ నాలుగు మడతలు పెట్టి వేసుకుని కూర్చున్న నీలం టవలును మడత విప్పకుండానే దులిపి కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. పొద్దుగూకేసరికి దాని మీద పలచగా బొగ్గునుసి పట్టింది. ఎంత దులిపినా మధ్యలో మనిషి కూర్చున్న పల్లం మాత్రం అలాగే ఉంది.