రెండు కొట్ల మిషను

నేను ఒక పచ్చళ్ళు కలిపే మిషన్ని. నిజం ఒప్పుకోవాలంటే, పుట్టుకతో పిండి కలిపే మిషన్ని. కోయంబత్తూరులో నన్ను తయారుచేసినవాళ్ళు ఏ బేకరీకో పోతాననుకున్నారు. తణుకులో నన్ను అమ్మిన డీలరు మాత్రం, "ఇది ఆవకాయ కోసమే పుట్టిందండి" అన్నాడు. కొనేవాళ్ళకంటే ముందు నేనే నమ్మేశాను.

నన్ను కొన్నది పక్కపక్క కొట్లలో పచ్చళ్ళు అమ్మే ఆండాళమ్మ, నూకరత్నం. పదేళ్ళుగా ఒకరి బేరాలు ఒకరు లాక్కున్నవాళ్ళు. చెరొకటి కొనే స్తోమత లేక, ఇద్దరూ కలిసి కొని కొట్ల మధ్య సందులో రేకుల కింద నిలబెట్టారు. రోజు విడిచి రోజు వంతు. ఎవరి కొట్టుకి ఎవరొచ్చినా నన్ను చూపించి "మా మిషనండి" అనేవారు. ఉప్పూనిప్పూలాంటి వాళ్ళను కలిపిన పెద్దమనిషిని నేనేనని తెగ ఉబ్బిపోయాను.

చిక్కల్లా వెల్లుల్లితోనే. ఆండాళమ్మ దాన్ని ముట్టదు, ఆవిడ దగ్గర కొనేవాళ్ళూ ముట్టరు. నూకరత్నం ఆవకాయలో అది లేకపోతే జాడీ వెనక్కి వస్తుంది. అందుకని తన పని అవగానే నూకరత్నం నన్ను పొడిగుడ్డతో తుడిచి అప్పగించేది.

ఆ వేసవిలో ఆండాళమ్మకు ఒక సత్రం నుంచి ఏడాదికి సరిపడా ఆవకాయ పురమాయించారు. బాగుంటే ఏటా ఆవిడకే. చెడిందా, పాతికేళ్ళ పేరు గోదాట్లో కలిసినట్టే. అది కలపడానికి ముందురోజు వంతు నూకరత్నానిది. ఎంత తుడిచినా నా ఒంటి వాసన వదల్లేదు. చివరికి ఆవిడ నీళ్ళు తెచ్చి నన్ను శుభ్రంగా కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టింది. ఇరుసు కింద మాత్రం గుక్కెడు నీళ్ళు నిలిచిపోయాయి. నోరులేనిదాన్ని కనుక చెప్పలేకపోయానని మీతో అనొచ్చు. అసలు సంగతేమిటంటే, జన్మలో మొదటిసారి స్నానం చేసిన హాయిలో నాకు ఆ ధ్యాసే లేదు.

మర్నాడు ఆండాళమ్మ సత్రం ఆవకాయ నాలోనే కలిపి జాడీల్లోకి ఎత్తింది. మూడో రోజు తిరగకలపడానికి జాడీ మూత తీస్తే ఆవకాయ మీద తెల్లగా బూజు.

ఆండాళమ్మ మొహం పాలిపోయింది. సందులోకి వచ్చి నా ఇరుసు కింద వేలు పెట్టి చూసింది. తడి.

"ఆవకాయ కలిపేదాని మీద నీళ్ళు పోస్తారటండీ, నూకరత్నంగారూ?"

నూకరత్నం తల దించుకుంది. "పొయ్యకూడదని నాకూ తెల్సండి. ఎంత తుడిచినా ఎల్లుల్లి వాసన పోలేదండి. మీ ఆచారానికి అడ్డం రాకూడదని కడిగేనండి. ఆరిందనుకున్నాను."

తిట్టడానికే వచ్చిన ఆండాళమ్మ, తిట్టు మరిచిపోయినట్టు నిలబడింది. నూకరత్నమే లోపలికి వెళ్ళి, తన కొట్టుకోసం కొట్టించి ఉంచుకున్న మామిడి ముక్కలన్నీ ఎత్తించుకొచ్చి ఆవిడ ముందు పెట్టింది. "కలుపుకోండి. నా చేతులు ఎల్లుల్లి చేతులు. నేను దూరంగా ఉంటానండి."

"ఒక్కదాన్ని ఎప్పటికి కలిపేను? ఆవపిండితో చేతులు రుద్దుకుని రండి, వాసన పోతుంది" అంది ఆండాళమ్మ.

ఆ రోజంతా ఇద్దరూ ఒకే బేసిన్లో చేతులు పెట్టి కలిపారు. పెద్దమనిషినైన నేను మూలన నిలబడి చూశాను. సత్రంవాళ్ళు ఆ ఆవకాయ తిని, మరుసటి ఏడు కూడా పురమాయించారు. నన్నూ ఆనాటి నుంచి ఆవపిండితోనే రుద్దారు. ఆ పిండి వెల్లుల్లి వాసనతో నూకరత్నం జాడీల్లోకే పోయేది. పారేయడానికి ఇద్దరికీ మనసొప్పదు మరి.

ఇప్పుడు ఎవరి మిషను వాళ్ళకుంది. నా మోటారు ఎప్పుడో కాలిపోయింది. మొన్న పాతసామాన్లవాడు వచ్చి నన్ను ఇస్తారా అని అడిగాడు.

"ఆవిడదండి, ఆవిణ్ణడగండి" అంది నూకరత్నం.

"నాదెక్కడిది నాయనా, ఆవిడదే" అంది ఆండాళమ్మ.

వాడు రెండు గుమ్మాల మధ్య నాలుగుసార్లు తిరిగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఇది నా మీద ప్రేమని చెప్పుకోవాలని ఉంది. కానీ సాయంత్రం బేరాలు తగ్గాక ఇద్దరూ వచ్చి టీ గ్లాసులు పెట్టుకునేది నా మూత మీదే.